దుర్భిణీకి దక్కిన మాటు

నా బావమరిది స్తూరె, వేటలో నా భార్య కూర్చునే మాటును ఒక దుర్భిణీకి ఇచ్చేశాడు. మనిషికి కాదు, దుర్భిణీకి. ఆ దుర్భిణీ వెనక లాగె అనే మనిషి కూడా ఒకడు ఉంటాడు. అది వేరే సంగతి.

ఇది ఫిర్యాదు కాదు పాఠకులారా! జరిగింది చెప్పాను, అంతే. ఈ వారం నేను రాయదలచుకున్నది ప్రశంస. దుప్పి వేటకు వెళ్లేవాడు మంచి దుర్భిణీ ఎంచుకోవడం కంటే ఘనకార్యం ఈ భూమ్మీద లేదు. పెళ్లి దీని ముందు ఎంత? గున్‌వోర్‌ను నేను ఒక్క డాన్సు సాయంత్రంలో ఎంచుకున్నాను. దుర్భిణీని ఎంచుకోవడానికి వేసవి అంతా పట్టింది!

నేను చదివింది మా ఊరి బడిలోనే. అందుకని సూటిగా చెబుతాను.

సెప్టెంబరు వచ్చిందంటే మా వెస్ట్‌మిరా జట్టు అడవిలో తలో చోట మాటు వేసి కూర్చుంటుంది. కుక్క దుప్పిని లేపుతుంది. అది ఎవరి ముందుకొస్తే వాళ్లది అదృష్టం. మాటులకు పేర్లు ఎవరూ పెట్టరు, వాటంతట అవే పడతాయి. ఒకాయన తూటాలు ఇంట్లో మరిచిపోయి వచ్చి కూర్చున్న చోటు 'మతిమరుపు మాటు'. ఆయన పోయి ఒక తరం గడిచింది. పేరు మాత్రం పోలేదు. ఆయన మనవడు ఇప్పటికీ ఆ పేరు వింటే ముఖం తిప్పుకుంటాడు.

చిత్తడి నేల అంచున, కూలిన పైన్ మాను పక్కన ఉన్నది గున్‌వోర్ మాటు. తుపాకీ ఒళ్లో పెట్టుకుని, చేతిలో ఊలు అల్లుకుంటూ, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ ఆవిడ అక్కడ కూర్చునేది. జట్టులో మగవాళ్లందరి కంటే ఎక్కువ దుప్పులను కొట్టింది. దుర్భిణీ లేదు. కొనమంటే, "ఎందుకు? దుప్పి నాకు కనబడాలి గానీ, దాని పళ్లు కాదుగా?" అనేది.

మొన్న మార్చిలో ఆవిడ పోయింది. మాటు ఖాళీ అయింది. ఈ ఏడు నేను అక్కడ కూర్చోవాలనుకున్నాను. నా కోరిక అదొక్కటే. పెద్దదేం కాదు.

మే నెలలో జట్టు సమావేశం పెట్టారు. వేటపెద్ద స్తూరె. గున్‌వోర్‌కు సొంత తమ్ముడు. లేచి నిలబడి గొంతు సవరించుకుని ఫోను చూస్తూ మాట్లాడాడు.

"ఈ ఏడు నుంచి మాటులన్నిటికీ నంబర్లు. ఫోనులో మ్యాపు పెట్టాను. పేర్లు అవీ ఉండవు. ఇక పదకొండో నంబరుంది చూడండి, చిత్తడి పక్కది, అక్కడ చూపు బాగా దూరం పోతుంది. కాబట్టి ఎవరి దగ్గర మంచి దుర్భిణీ ఉంటే వాళ్లకే అది."

"దానికి పేరుంది," అన్నాను.

"పదకొండు, బావా."

"ముందు నుంచీ ఉన్న పేరు."

"పదకొండు," అన్నాడు మళ్లీ, ఫోనులోంచి తల ఎత్తకుండా. ఆ వెంటనే అందరూ ఒక్కసారిగా దుర్భిణీ అద్దాల కోటింగుల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

అలా మొదలైంది మా ఊరికి మహర్దశ!

అంతకుముందు మేము ఎంత చీకట్లో బతికామో ఇప్పుడు తెలుస్తోంది. మా దుప్పి గుర్రం కంటే పొడుగు. కొమ్ములు చూస్తే ఎవరో వంటింటి కుర్చీ నెత్తిన పెట్టుకుని నడుస్తున్నట్టుంటుంది. చిత్తడి తప్పిస్తే మా అడవిలో నలభై మీటర్లు దాటితే అంతా చెట్లే. అంత జంతువును అంత దగ్గర్లో ఇన్నాళ్లూ ఉత్త కళ్లతో చూశామంటే, ఎంత మొండి ధైర్యం!

నేను దుర్భిణీ కొనడానికి ఓస్టర్‌సుండ్ పట్నం వెళ్లాను. దుకాణంలో కుర్రాడు ఎంతో మర్యాదస్తుడు. 

"పెద్దాయనా, ఎంత దూరం చూడాలి?"

"నలభై మీటర్లు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత చెట్టు."

అతను కాసేపు ఆలోచించాడు. "అయితే చెట్టును బాగా చూపించేది ఇస్తాను. ఎనిమిది రెట్లదా, పది రెట్లదా?"

"తేడా ఏంటి?"

"పదైతే అంతా పెద్దగా కనబడుతుంది. కాకపోతే చెయ్యి వణికితే ఆ వణుకూ పదిరెట్లవుతుంది."

కొనమని చెప్పడానికి ఇంతకంటే నిజాయితీ గల మాట ఎవరైనా చెప్పగలరా? పదిరెట్లదే తీసుకున్నాను. ధర చెప్పను. గున్‌వోర్ ఉంటే ఆ రాత్రి నన్ను కట్టెల కొట్టంలో పడుకోబెట్టేది.

ఇంటికొచ్చి అడవి అంచున నిలబడి చూశాను. అద్భుతం! ఒక స్ప్రూస్ చెట్టు బెరడు మీద ఒక చీమ కనిపించింది. ఆ చీమ ముఖంలో విసుగు కూడా కనిపించింది. చెట్టు కనిపించలేదు. అడవీ కనిపించలేదు. ఇంత తక్కువ చూడటానికి అంత ఖర్చు పెట్టే భాగ్యం మా తాతలకు ఉందా?

నా తర్వాత ఊరంతా కదిలింది. స్తూరె కొన్నది వణుకును తనే అదుపు చేసుకుంటుంది. అందులో ఒక బ్యాటరీ ఉంది. బ్యాటరీ అయిపోతే స్తూరె మామూలు స్తూరె అవుతాడు. లాగెది మరీ ఘనం. మనం దేన్ని చూస్తే అదెంత దూరంలో ఉందో అద్దంలో అంకెల్లో రాసి చూపిస్తుంది. భోజనానికి రమ్మని భార్య గుమ్మంలో నిలబడి కేక వేస్తే, లాగె కట్టెల కుప్ప దగ్గరి నుంచి దుర్భిణీ పెట్టి చూసి, "అరవై ఒక్క మీటర్లు!" అని జవాబు చెబుతాడు. కాపురంలో ఇంత స్పష్టత ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

వాటిని మోయడానికి తోలు పట్టీలు వచ్చాయి. భుజాల మీదుగా, చంకల కిందుగా, వీపు మీద అడ్డంగా. మా జట్టు వరసగా నిలబడితే ఎవరైనా వచ్చి మమ్మల్ని దుంగలబండికి కట్టేస్తారేమో అనిపించేది.

మతానికీ మేలు జరిగింది! ఆగస్టులో అందరం సరస్సు ఒడ్డున చేరి, అవతలి గట్టు మీది చర్చి గడియారాన్ని చూస్తూ ఎవరి దుర్భిణీ గొప్పదో పరీక్ష పెట్టుకున్నాం. గడియారం ఆలస్యంగా నడుస్తోందని ఆ రోజే బయటపడింది. ఎన్నేళ్లుగానో మరి! మా పిల్లలంతా ఆలస్యంగానే బాప్టిజం పొందారన్నమాట. అదే చూపులో, ఆదివారం పూట పాస్టరుగారు పడవకు రంగు వేస్తూ దొరికిపోయారు. ఇప్పుడాయన పడవను కొట్టం వెనక పెట్టుకున్నారు. గడియారాన్ని బాగు చేయించారు. నాలుగు దుర్భిణీలు చేసిన పని బిషప్పు ఇన్నేళ్లలో చేయలేకపోయాడు.

ఇక కబుర్లు! నేను కొట్టుకు వెళితే చాలు, ఎవరో ఒకరు ఎదురొచ్చేవారు. "హెల్మర్, ఎలా ఉన్నావు? పదిరెట్లదేనా?" పోస్టు పెట్టె దగ్గర ఇంకొకరు. "హెల్మర్, మసక వెలుతురులో ఎలా పనిచేస్తోంది?" ఇంటికి వచ్చేవాళ్లు, కాఫీ తాగేవాళ్లు, జున్ను ముక్కలు నమిలేవాళ్లు, అద్దాల గురించి గంట మాట్లాడి, గోడ మీద ఉన్న ఫోటో వైపు చూడకుండా జాగ్రత్తగా వెళ్లిపోయేవాళ్లు. ఈ ఊరు నాతో ఏ వేసవిలోనూ ఇంతగా మాట్లాడలేదు.

సెప్టెంబరు వచ్చింది. మొదటి ఉదయం వేట కొట్టం ముందు అందరం నారింజ రంగు టోపీల్లో నిలబడ్డాం. నా పదిరెట్లది మెడలో ఉంది. స్తూరె ఫోను చూస్తూ చదివాడు.

"లాగె, పదకొండు. హెల్మర్ బావ, మూడు."

మూడంటే రోడ్డు మలుపు. ఒకప్పుడు పాల క్యాన్లు పెట్టే అరుగుంటుంది అక్కడ. అక్కడికొచ్చే పెద్ద జంతువు స్కూలు బస్సొక్కటే. వేట వారం బడికి సెలవు కాబట్టి అది కూడా రాదు.

"నా దగ్గరా పదిరెట్లది ఉంది," అన్నాను.

"లాగెది దూరం కూడా చెబుతుంది బావా. పైగా నీ మోకాలు…"

"నా మోకాలికేం?"

"నొప్పి లేదూ?"

"లేదు."

"మరి… చలి. అక్కడ చలెక్కువ."

"రోడ్డు మీద పొయ్యి పెట్టారా?"

స్తూరె భార్య సోల్‌వెయ్ కుక్క తాడు చేతికి చుట్టుకుంటూ మా మధ్యకు వచ్చింది. జట్టులో కుక్కను నడిపించేది ఆమే. "అన్నయ్యా, ఈ పూటకి పోనీయ్. నా బిస్సె అరుపు మొదలుపెడితే రోడ్డు మీదున్నా వినబడుతుంది."

కచేరీకి టికెట్టు దొరకనివాడికి గోడ అవతల చోటు చూపించినట్టు! సరే. వేటపెద్ద మాట మీరకూడదు. ఇచ్చిన మాటు వదిలి కదలకూడదు. ఇవి రెండూ మా ఊళ్లో పది ఆజ్ఞలకంటే ముందొస్తాయి. వెళ్లి పాల అరుగు మీద కూర్చున్నాను.

ఇక్కడ దుర్భిణీ తయారుచేసినవాళ్లకు నా హృదయపూర్వక నమస్కారం. పోయిన శీతకాలం అడవి కంపెనీవాళ్లు రోడ్డు పక్కన చాలా మేర చెట్లు నరికేశారు. ఆ ఖాళీ మీదుగా చూస్తే దూరంగా చిత్తడి అంచు, కూలిన పైన్ మాను, దాని పక్కన మడత కుర్చీలో లాగె. వాడి టోపీ మీద అంటుకున్న ఆకు కూడా కనబడింది. నా భార్య మాటులో పరాయివాడి టోపీని ఇంత వివరంగా చూసే సౌకర్యం ఉత్త కళ్లకు ఉందా?

కాసేపటికి బిస్సె అరుపు అందుకుంది. రేడియోలో సోల్‌వెయ్ రొప్పుతూ మాట్లాడింది. మా రేడియోలో ఒకరు మాట్లాడితే జట్టంతా వింటుంది.

"దుప్పి లేచింది! కంటికి కనబడలేదు. పదకొండు వైపు పోతోంది."

"పదకొండెక్కడ?" అన్నదొక గొంతు.

"మ్యాపు చూడు."

"ఇక్కడ సిగ్నలు లేదు."

"నేను ఆరా, తొమ్మిదా?" అన్నది ఇంకో గొంతు. "ఫోను తలకిందులుగా పట్టుకున్నాననుకుంటా."

"ఎవరూ కదలకండి! ఎవరి నంబరు వాళ్లు చెప్పండి," అన్నాడు స్తూరె.

ముగ్గురు తొమ్మిది అన్నారు.

సోల్‌వెయ్ ఓపిక అక్కడితో అయిపోయింది. "గున్‌వోర్ వైపురా దద్దమ్మల్లారా! గున్‌వోర్ మాటు వైపు!"

రేడియో మూగబోయింది. తర్వాత స్తూరె గుసగుస వినిపించింది. ఆమె ఒక్కదానికే చెబుతున్నాననుకున్నాడు, పాపం.

"సోల్‌వెయ్! పేరెత్తకు. బావ వింటున్నాడు."

జట్టంతా విన్నది. నేనూ విన్నాను.

"వింటున్నాను," అన్నాను మీట నొక్కి.

అంతలో లాగె గొంతు అందుకుంది. పెళ్లి ప్రమాణం చదువుతున్నట్టు మెల్లగా, భయంగా.

"ఆడ దుప్పి. నా ఎదురుగా. నూట నలభై రెండు మీటర్లు. ఒంటరిది. దూడ లేదు."

దూడ వెంట ఉన్న తల్లిని కొట్టడం మా దగ్గర క్షమించరాని పని. అలా కొట్టినవాడు జట్టులో ఉండడు. ఊళ్లో ఉన్నా లేనట్టే. ఆ దూడ శీతకాలం దాటదు.

"ఖాయమేనా లాగె?" అన్నాడు స్తూరె.

"ఖాయం. కనురెప్పలు కూడా కనబడుతున్నాయి. దూడ ఉంటే కనబడదా?"

నేను నా పదిరెట్లది ఎత్తాను. లాగె కుర్చీ అంచున కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, దుర్భిణీలోకి దూరిపోయి చిత్తడి అవతలికి చూస్తున్నాడు. తుపాకీ పక్కనే ఉంది. వాడి వెనక, వాడి సంచీ దగ్గర, కాళ్లు మాత్రమే పెరిగి మిగతాదంతా పెరగడం మరిచిపోయిన ఒక దూడ నిలబడి ఉంది. సంచీలోంచి వాడి రొట్టె పొట్లం లాగుతోంది.

లాగె దుర్భిణీ దించి తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"లాగె! తుపాకీ వదిలెయ్," అన్నాను. "దూడ నీ రొట్టె తింటోంది."

"ఎక్కడ?"

"నీ వెనక."

వాడు తుపాకీ మీద నుంచి చెయ్యి తీశాడు. కానీ ఆ చెయ్యి వేసవి అంతా నేర్చుకున్న పనే చేసింది. దుర్భిణీ మళ్లీ కళ్లకు పెట్టుకుని వెనక్కి తిరిగాడు! పాఠకులారా, చెయ్యి చాపితే తగిలే దూరంలో ఉన్న దూడ ముక్కును పదిరెట్లు చేసి చూసినవాడు ఈ దేశంలో లాగె ఒక్కడే. అద్దంలో ఏ అంకె కనిపించిందో వాడు ఇంతవరకు చెప్పలేదు. వాడి కేక నాకు రేడియోలో ఒకసారి, గాలిలో ఒకసారి వినిపించింది. కుర్చీ ఒకవైపు పడింది, లాగె ఇంకోవైపు పడ్డాడు. దూడ రొట్టె పొట్లంతో సహా చిత్తడి దాటి తల్లి దగ్గరకు పరుగెత్తింది. రెండూ అడవిలోకి వెళ్లిపోయాయి, హడావుడి లేకుండా.

"లాగె? ఏమైంది? లాగె!" అన్నాడు స్తూరె.

"ఫర్వాలేదు," అన్నాడు లాగె. చాలాసేపటి తర్వాత. "వెంట్రుకలు. అంతా వెంట్రుకలే."

ఎవరో నవ్వు ఆపుకోలేక మీట వదలడం మరిచిపోయారు. అడవి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మార్చి తర్వాత అదే మొదటిసారి. అందుకు ఎవరికీ కృతజ్ఞతలు చెప్పను.

ఆ రోజు కొట్టంలో వేటమాంసం తగిలించే కొక్కేలకు ఏమీ వేలాడలేదు. నిప్పు దగ్గర కాఫీ మరుగుతోంది. లాగె దూరంగా, తన వీపు వెనక గోడ ఉన్న చోటు చూసుకుని కూర్చున్నాడు. స్తూరె నా పక్కకు వచ్చాడు.

"కోపమా బావా?"

"అవును."

"నీకు బాధ కలుగుతుందని అక్క పేరు ఎవ్వరం ఎత్తలేదు. నిన్నక్కడ ఒక్కడినే కూర్చోబెడితే ఏమైపోతావో అని…"

"ఏమవుతాను? కూర్చుంటాను."

స్తూరె తన కాఫీ కప్పులోకి చూశాడు. "నావల్ల కావడం లేదు బావా. అక్క పేరు నోటిదాకా వస్తుంది, గొంతు పట్టేస్తుంది. నంబరైతే అనగలిగాను."

"నీకు గొంతు పట్టేస్తే నా భార్య పేరు తీసేస్తావా?"

సోల్‌వెయ్ కాఫీ గిన్నె మా ఇద్దరి మధ్య ఠక్కున పెట్టింది. "మీ ఇద్దరూ సరిపోయారు. ఒకళ్ల మొహం చూసి ఒకళ్లు నోరు మూసుకుని, వేసవంతా అద్దాలు తుడుచుకున్నారు. వదిన చూసుంటే ఇద్దరినీ చిత్తడిలోకి తోసేది."

ఆ మాట నిజం. స్తూరెను ముందు తోసేది.

ఇప్పుడు తెలిసిందా పాఠకులారా, దుర్భిణీ ఎంత గొప్ప వస్తువో? ఒక ఊరు ఊరంతా, భార్య పోయినవాడి ఇంట్లో కూర్చుని, వాడి కాఫీ తాగుతూ, మే నుంచి సెప్టెంబరు దాకా, ఆవిడ పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండా మాట్లాడగలిగింది. మరే వస్తువు ఈ పని చేయగలదు? నాకు బాధ కలగకూడదని నా ఇంట్లోంచి ఆవిడను రెండోసారి తీసుకెళ్లారు. ఈసారి శవపేటిక కూడా లేకుండా.

మర్నాడు ఉదయం స్తూరె ఫోను జేబులో పెట్టి, నేల చూస్తూ మాటులు చెప్పాడు. మతిమరుపు మాటు ఎవరికో చెప్పాడు. పాల అరుగు లాగెకు. లాగె సంతోషంగా ఒప్పుకున్నాడు. చివర్లో స్తూరె ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ ఆగాడు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. ఎవరూ సాయం చేయలేదు. నేనసలే చేయలేదు.

"గున్‌వోర్ మాటు," అన్నాడు చివరికి, పూడిపోయిన గొంతుతో. "హెల్మర్ బావ."

వెళ్లాను. అడవి అంతా పొగమంచు. చాపిన చెయ్యే కనబడలేదు. పదిరెట్లదాంతో చూస్తే పదిరెట్లు తెల్లగా ఉంది. పైన్ మాను మీద కూర్చున్నాను.

"గున్‌వోర్‌లో ఏమైనా కదిలిందా?" అన్నాడు స్తూరె రేడియోలో.

"లేదు."

కాసేపటికి మళ్లీ. "గున్‌వోర్‌లో గాలి ఎటుంది బావా?"

"లేదు."

"గున్‌వోర్‌లో చలిగా ఉందా హెల్మర్?" అన్నాడు లాగె.

"గున్‌వోర్‌లో కాఫీ తాగావా అన్నయ్యా?" సోల్‌వెయ్.

ఆ ఉదయం దుప్పి రాలేదు. ఎలా వస్తుంది? వేట జట్టంతా అవసరం ఉన్నా లేకున్నా రేడియోలో ఒకటే పేరు, ఒకరి తర్వాత ఒకరు. పోటీ పెట్టుకున్నట్టు. పక్క జిల్లా దుప్పులకు కూడా ఆవిడ పేరు వచ్చేసి ఉంటుంది. నేను ప్రతిసారీ "లేదు" అనే చెప్పాను. చలిగా ఉన్నా, కాఫీ తాగినా. వాళ్లు మళ్లీ అడగాలని.

స్తూరెను క్షమించలేదు. అది అడగవద్దు. గున్‌వోర్ గురించి మాట్లాడదలచుకున్నవాళ్లు ఎప్పుడైనా రండి, తలుపు గడియ పెట్టను. స్తూరె మాత్రం తలుపు తట్టి రావాలి. ఇక దుర్భిణీల సంగతి. ఎనిమిది రెట్లు, పది రెట్లు, కోటింగు, పట్టీ, నంబరు… వీటిలో దేని గురించీ నేనిక ఒక్క ముక్క మాట్లాడను. ఎప్పటికీ. ఎవరడిగినా సరే.